ఒక్క కిలోమీటరు రోడ్డు, నెలకో ఆదివారం: క్రీడల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది హైదరాబాద్‌లో మూసాపేట. నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. మా తమ్ముడు బైక్ డ్రాగ్ రేసుల్లో, అంటే తిన్నటి రోడ్డు మీద రెండేసి బళ్లు తలపడే పందేల్లో, పోటీ చేస్తాడు. వాడి టీమ్‌కి కూడా లెక్కలు రాసేది నేనే. టీమ్ అంటే పెద్దగా ఊహించుకోకండి సార్. నడిపేవాడు మా తమ్ముడు. బండి విప్పి బిగించేది మా వీధి చివర షెడ్డు నడుపుకునే మెకానిక్ భాయ్. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడొకడు, నేను. అంతే, నలుగురం. బండి యమహా ఆర్‌ఎక్స్ 135. కంపెనీ దాని తయారీ ఎప్పుడో ఆపేసింది. మేం ఆపలేదు.

సీజన్ అయిపోయాక మొన్న ఖాతా పుస్తకం ముందేసుకుని కూర్చుంటే ఒక లెక్క తేలింది. అది చూశాకే మీకు రాయాలనిపించింది. ఈ సీజన్‌లో మేం మూడుసార్లు పోటీకి వెళ్లాం. పోటీ జరిగేది చెన్నైకి పడమర, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో (పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్). రానుపోను దాదాపు 1,300 కిలోమీటర్లు, మూడుసార్లకు 3,900. అంత దూరం పోయి మా బండి ఈ గీత నుంచి ఆ గీత దాకా పూర్తిగా పరుగెత్తింది తొమ్మిదిసార్లు. ఒక్కో పరుగు పావు మైలు, అంటే 402 మీటర్లు. తొమ్మిదీ కలిపితే 3,618 మీటర్లు. కిలోమీటరు పరుగెత్తడానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం! సెకన్లు కూడితే సీజన్ మొత్తం రెండు నిమిషాల చిల్లర. ఖర్చు 1,86,400 రూపాయలు.

ఈ లేఖ డబ్బు కోసం కాదు. ఇది మా పిచ్చి, మా జీతాలతో మేమే పడతాం. నా బాధ వేరే. ఆ లక్షా ఎనభై ఆరు వేలలో రిపేర్ల కింద పోయినదాంట్లో సగం పైన పోనవసరం లేనిది. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మొదటిసారి వెళ్లింది శుక్రవారం రాత్రి. అద్దెకు తీసుకున్న బొలెరో పికప్‌లో బండిని తాళ్లతో కట్టుకుని నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా పోయి తెల్లారేసరికి తడ దాటాం. ప్రాక్టీసులో మొదటి పరుగు బాగానే వెళ్లింది. రెండో పరుగులో మూడో గేరు నుంచి నాలుగో గేరులో పడ్డాక, ఇంకో వంద మీటర్లుందనగా శబ్దం సన్నబడింది. వెనక చక్రం కిర్రుమని ఆగిపోయింది. మా తమ్ముడు క్లచ్ పట్టేశాడు కాబట్టి పడలేదు. పిస్టన్ పట్టేసింది, అంటే ఇంజన్ లోపల ఇరుక్కుపోయింది.

షామియానా కింద భాయ్ ముందు ప్లగ్గు విప్పి నా అరచేతిలో పెట్టాడు. ఇంకా వేడిగా ఉంది. కొన సున్నం వేసినట్టు తెల్లగా ఉంది. "ప్లగ్గు చాయ్ రంగులుండాలె అక్కా. గింత తెల్లగున్నదంటే ఇంజన్ ఉపాసం ఉన్నట్టే" అన్నాడు. తర్వాత పిస్టన్ ఆడే బోరు (సిలిండర్) పైకెత్తాడు. పిస్టన్ పక్కన నిలువునా గీతలు. కరిగిన అల్యూమినియం బోరు గోడకు వెండి పూత పూసినట్టు అంటుకుని ఉంది. కుర్రాడు ఎమరీ పేపర్ తెచ్చి రుద్దబోతే భాయ్ చెయ్యి అడ్డం పెట్టి, "వద్దురా, ఇది లేత్ కాడికి పోవాల్సిందే" అన్నాడు. ఆ రోజు మా పోటీ అక్కడితో సరి. 1,300 కిలోమీటర్ల ప్రయాణానికి ఒక పూర్తి పరుగు, ఒక ముప్పావు పరుగు.

ఇంజన్ ఉపాసం ఎందుకుందో అక్కడే అర్థమైంది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇరుంగాట్టుకోట్టై బాగా పల్లం. పల్లంలో గాలి చిక్కన. గాలి ఎక్కువ లోపలికి పోతే పెట్రోలు కూడా దానికి తగ్గట్టు పోవాలి, లేకపోతే టూ స్ట్రోక్ ఇంజన్ మాడిపోతుంది. పెట్రోల్లో కలిపిన ఆయిలే దానికి నూనె కదా, పెట్రోలు తగ్గితే నూనె కూడా తగ్గినట్టే. కాబట్టి కార్బురేటర్లో పెట్రోలు వదిలే చిన్న కన్నం, అదే జెట్టు, ఒకటి రెండు సైజులు పెద్దది వేయాలి. ఇది భాయ్‌కి తెలియక కాదు. ఆయనకు తెలియనిది, ఇక్కడ వేసిన జెట్టు ఇక్కడైనా సరైనదేనా అని. నాలుగు గేర్లూ నిండా తిప్పి, పూర్తి థ్రాటిల్ మీద ఇంజన్ ఆపేసి ప్లగ్గు చూస్తేనే అది తెలుస్తుంది. మా వీధిలో రెండో గేరు పడేలోపే పాలబూత్ వస్తుంది సార్. లెక్క మొదలే తప్పయితే పల్లానికి వెళ్లాక దానికి ఎంత కలపాలో ఎవరు చెప్పగలరు?

(ఒక మనవి. మా భాయ్ కార్బురేటర్‌ని కార్పొరేటర్ అంటాడు, హైదరాబాద్ మెకానిక్‌లు చాలామంది అంతే. "కార్పొరేటర్‌కి ఇంకొంచెం తాగించాలె" అని మా షెడ్డులో ఎవరైనా అంటే మీరు వేరేగా అనుకోకండి.)

వచ్చాక పుత్లీబౌలి అంతా తిరిగితే మూడో రోజుకి 0.50 మిల్లీమీటర్లు పెద్దదైన ఓవర్‌సైజు పిస్టన్ దొరికింది. బోరును దానికి తగ్గట్టు తరిగించి రీబోర్ చేయించాం. బోరుకు అట్లాంటి అవకాశాలు లెక్కపెట్టుకున్నన్నే ఉంటాయి. ఒక్కోసారి పట్టేసినప్పుడల్లా అందులో ఒకటి ఖర్చయిపోతుంది. నా పుస్తకంలో దానికి వేరే కాలమ్ పెట్టాను.

రెండోసారి బండి బాగుంది, మనిషి తడబడ్డాడు. డ్రాగ్ రేస్‌లో రెండు బళ్లు పక్కపక్కన నిలబడతాయి. ముందు స్తంభం మీద పసుపు లైట్లు వెలిగి పచ్చ పడుతుంది. పచ్చకు ముందే కదిలితే ఎర్ర లైటు, ఇంటికి. లేటుగా కదిలితే ఎర్ర లైటు పడదు గానీ నష్టం అంతే. నాకౌట్‌లో మావాడు 13.94 సెకన్లలో గీత దాటాడు. అవతలి అబ్బాయి 14.12. గెలిచింది అవతలి అబ్బాయి! పచ్చ పడ్డాక ఆ అబ్బాయి 0.18 సెకన్లలో కదిలితే మావాడు 0.52 తీసుకున్నాడు. రెండూ కూడుకోండి, 14.30 ముందా 14.46 ముందా? వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. వేగంగా పోయి ఓడిపోవడమేంటని అమ్మ ఫోన్‌లో అడిగితే ఏం చెప్పాలో నాక్కూడా తెలీలేదు.

ఇంటికొచ్చాక కుర్రాడు వినాయక మండపంలో మిగిలిన బల్బులు నాలుగు చెక్క ముక్కకు బిగించి, పాత ఆటో బ్యాటరీకి కలిపి లైట్ల స్తంభం తయారు చేశాడు. రోజూ రాత్రి పదింటికి షెడ్డు ముందు స్టార్ట్ చేయని బండి మీద కూర్చుని మావాడు లైటు చూసి క్లచ్ వదలడం ప్రాక్టీస్ చేశాడు. చూసేవాళ్లకు కామెడీగానే ఉండేది. పక్కింటి ఆంటీ, "పాపం, బండి స్టార్ట్ కావట్లేదా?" అని రెండుసార్లు అడిగింది.

మూడోసారి వాడు 0.21లో కదిలాడు. మొదటి రౌండ్ గెలిచాం, రెండోది కూడా గెలిచాం. మూడో రౌండ్లో క్లచ్ జారింది. ఇంజన్ అరుస్తోంది, బండి కదలట్లేదు. విప్పితే ప్లేట్లు కాలిన చెక్క వాసన. కొత్త స్ప్రింగులు వేసుకుని వెళ్లాం గానీ, ఆ స్ప్రింగులతో ఫుల్ యాక్సిలరేటర్ మీద ఒక్కసారి కూడా క్లచ్ వదిలి చూడలేదు. ఎక్కడ చూస్తాం?

మా అమ్మ ఒక మాట అంది: "కూరలో ఉప్పు సరిపోయిందో లేదో పెళ్లివారి విస్తట్లో వడ్డించాక చూసుకుంటున్నార్రా మీరు." మా సీజన్ అంతా ఆ ఒక్క ముక్కలో ఉంది సార్. మా షెడ్డులో చేసిన ప్రతి రిపేరుకీ మొదటి పరీక్ష 650 కిలోమీటర్ల అవతల, పోటీలోనే. అక్కడ తేడా వస్తే సరిచేసుకునే టైమ్ ఉండదు.

ఇక్కడ పరీక్షించుకునే చోటు అసలు లేదా అంటే ఉంది. అది మీకూ తెలుసు, పోలీసులకూ తెలుసు. శనివారం అర్ధరాత్రి దాటాక రాయదుర్గం ఐటీ ఏరియాలో టీ-హబ్ వెనక రోడ్లు. దాచడం దేనికి, రెండేళ్ల కిందట మా తమ్ముడు కూడా ఆ గుంపులోనే ఉండేవాడు. ఒకరోజు రాత్రి ఒంటిగంటకు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. నేనూ నాన్నా ఆటోలో వెళ్లాం. బెంచీ మీద పదకొండు మంది పిల్లలు వరసగా కూర్చుని ఉన్నారు, ఎవరూ తలెత్తడం లేదు. ఒకడి మోచేయి దగ్గర జాకెట్ చిరిగి చర్మం లేచిపోయింది. ఎస్సై గారు మమ్మల్ని తిట్టలేదు. "అమ్మా, ఆ రోడ్డు మీద రాత్రి షిఫ్ట్ క్యాబ్‌లు తిరుగుతాయి. వీళ్లు పోతే వీళ్ల ఖర్మ అనుకుందాం, క్యాబ్‌లో వచ్చే అమ్మాయి ఏం చేసింది?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడూ లేదు. పట్టుకున్నది మంచి పనే. ఆ రాత్రి నుంచే మావాడు రేసింగ్ లైసెన్స్ తీసుకుని ట్రాక్ మీద నడపడం మొదలుపెట్టాడు. కానీ ఆ బెంచీ మీద మిగిలిన పది మందికి 650 కిలోమీటర్లు పోయొచ్చే స్తోమత లేదు. వాళ్లు ఇప్పుడు ఎక్కడ నడుపుతున్నారో నేను అడగలేదు.

ఆ కేసు తర్వాతే నేను చట్టం తెప్పించుకుని చదివాను. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్. 2019 సవరణ తర్వాత మొదటిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు లేదా 5,000 దాకా జరిమానా లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే ఏడాది, 10,000. అందరూ శిక్ష దాకా చదివి ఆగిపోతారు. నేను అకౌంటెంట్‌ని, మినహాయింపు ఎక్కడుందా అని వెతకడం నా అలవాటు. ఆ సెక్షన్ మొదట్లోనే ఉంది: రాష్ట్ర ప్రభుత్వ రాతపూర్వక సమ్మతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం పెడితే నేరం. అంటే సమ్మతి ఉంటే ఆ సెక్షన్ కింద నేరం కాదు. ఆ కాగితం ఇచ్చే అధికారం ఢిల్లీలో లేదు, మీ ప్రభుత్వం చేతిలోనే ఉంది.

ఇవ్వగలరని కూడా మేం కళ్లారా చూశాం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది. ఊరి నడిబొడ్డున, కొత్త సెక్రటేరియట్ ముందు 2.8 కిలోమీటర్ల ట్రాక్ కట్టారు. ఆ ట్రాఫిక్‌లో నేను కూడా ఇరుక్కుని ఆఫీసుకు రెండు గంటలు లేటయ్యాను, అది వేరే సంగతి. మరుసటి ఏడాది అది రద్దయింది. ఆ రాజకీయం నాకొద్దు. మలక్‌పేటలో గుర్రాలు నిజాం కాలం నుంచి దర్జాగా పరుగెత్తుతున్నాయి, అదీ పందేలు కాసుకుని. మా బండిది పదకొండు గుర్రాల బలమో పన్నెండు గుర్రాల బలమో, భాయ్ చేతి చలవతో ఇంకొంచెం ఎక్కువో. దానికి మాత్రం చోటు లేదు.

స్టేడియం కట్టమని అడగడం లేదు. మలుపు లేని, అడ్డరోడ్డు కలవని ఒక కిలోమీటరు తారురోడ్డు చాలు. 402 మీటర్లు పరుగుకి, మిగతాది ఆగడానికి. ఆగే దూరమే ఎక్కువ ఉండాలి, మీ ఇంజనీర్లు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి. పుణె వైపు ఆంబీ వ్యాలీలో చిన్న విమానాల రన్‌వే మీద డ్రాగ్ రేసులు పెట్టారు. మనకు రన్‌వే దాకా అక్కర్లేదు. ఊరి చుట్టూ ప్లాట్లు వేసి, వంద అడుగుల రోడ్లు వేసి, ఇంకా ఒక్క ఇల్లు కూడా లేవని లేఔట్లు ఎన్ని లేవు? ఇండస్ట్రియల్ పార్కుల్లో ఆదివారం మనిషి కనపడని రోడ్లు ఎన్ని లేవు? నెలకో ఆదివారం, పొద్దున ఆరు నుంచి పది దాకా ఒక రోడ్డు రెండు పక్కలా మూసేయండి. అంబులెన్సు మేమే మాట్లాడుకుంటాం, ఇన్సూరెన్స్ కడతాం, ఫీజు పెడితే కడతాం. మోటార్ స్పోర్ట్స్ ఫెడరేషన్ గుర్తింపు ఉన్న క్లబ్బు అధికారులు వచ్చి హెల్మెట్, సూట్, బ్రేకులు చూసి పాస్ చేసిన బండే గీత దగ్గరికి రావాలి. మందు వాసన వస్తే బండి తాళం లాక్కోండి. టీ-హబ్ పిల్లల్ని కూడా రమ్మనండి. మొదటి పరుగులోనే వాళ్లకు తెలిసిపోతుంది, తాము అనుకున్నంత స్పీడుగా లేమని. పరుగు అయ్యాక ఇచ్చే స్లిప్పు మీద సెకన్లు అచ్చుపడి చేతికొస్తాయి, ఫ్రెండ్స్ ముందు కోతలు కోయడానికి వీలుండదు.

అలా చేస్తే రోడ్ల మీద రేసులు మొత్తం ఆగిపోతాయని నేను మాటివ్వలేను. కొందరికి కావాల్సింది రేసు కాదు, రీలు. వాళ్లకు మీ కిలోమీటరు అక్కర్లేదు. నేను మాట్లాడేది మిగతావాళ్ల గురించి.

ఇంకొక్క విషయం, ఇదే అసలు విషయం. ఆ రాతపూర్వక సమ్మతి కోసం అర్జీ పట్టుకుని నేను మూడు ఆఫీసులు తిరిగాను. మొదటి చోట, ఇది వాహనాల సంగతి, మాది కాదన్నారు. రెండో చోట, ఇది శాంతిభద్రతల సంగతన్నారు. మూడో చోట ఒక పెద్దాయన అర్జీ మొత్తం చదివి, కళ్లజోడు తీసి, "ఇది ఆట కదమ్మా, స్పోర్ట్స్ వాళ్లని అడుగు" అన్నారు. అందుకే మీకు రాస్తున్నాను. సంతకం మీది కాకపోతే ఎవరిదో చెప్పించండి. అర్జీ రెండు కాపీలు, రోడ్డు కొలతల స్కెచ్చు, మా తమ్ముడి లైసెన్స్ జిరాక్స్ నా బ్యాగులోనే ఉంటాయి. ఏ ఆఫీసు, ఏ అంతస్తు, ఎవరి టేబుల్ అని తెలిస్తే సెలవు పెట్టి వచ్చి ఇస్తాను. బండి ఇప్పుడు షెడ్డులో విప్పి ఉంది. క్లచ్ ప్లేట్లు వచ్చాయి, బిగించడానికి భాయ్‌కి రెండు రోజులు పడుతుంది.

ఇట్లు,
ఒక రైడర్ అక్క,
మూసాపేట, హైదరాబాద్.