మరకతో పాటు మార్బుల్‌నూ తినేసిన మీ క్లీనర్

వినియోగదారుల ఫిర్యాదుల విభాగం వారికి,

విషయం: ‘అన్ని రకాల టైల్స్‌కూ సురక్షితం’ అని అమ్ముతున్న మీ ఉప్పు మరకల క్లీనర్ గురించి.

అయ్యా,

మా స్నానాల గదిలో నేలా గోడలూ మార్బుల్ టైల్సే. ఉప్పునీళ్ల వల్ల కుళాయి కింద పేరుకున్న తెల్లటి పొరను వదిలించడానికి, సీసా మీది మాట నమ్మి మీ క్లీనర్ వాడాను. పోయగానే సన్నగా బుడగలు లేచాయి. మీరు రాసినట్టే కడిగి, ఆరాక చూస్తే పొరతో పాటు పాలిష్ కూడా పోయింది. ద్రవం జారిన దారి పొడవునా మసక చార మిగిలింది. వేలితో రాస్తే చుట్టూ నున్నగా, అక్కడ మాత్రం గరుగ్గా తగులుతోంది. టైల్స్ మధ్య సందుల్లో నింపిన గ్రౌట్ సంగతి సరేసరి, గోటితో గీరితే పొడిపొడిగా రాలుతోంది.

మీ కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే, సరిగా కడగలేదేమో, మళ్లీ ఒకసారి పోసి ఎక్కువ నీళ్లతో కడగండి అన్నారు. కాలిన చోటే ఇంకో వాత పెట్టుకోమన్నట్టుంది ఈ సలహా.

క్లీనర్లు తయారుచేసే మీకు ఇది తెలియదంటే నమ్మలేను: ఉప్పునీటి పొరలో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. మార్బుల్ కూడా అదే. పొరను కరిగించే ఆమ్లం రాయి దగ్గరికి రాగానే ఆగిపోదు. లేచిన బుడగలు కార్బన్ డయాక్సైడ్‌వి. సిమెంటు గ్రౌట్‌నూ ఆమ్లం తినేస్తుంది. మార్బుల్‌కు వాడాల్సింది పీహెచ్ 7 దగ్గర, అంటే ఆమ్లమూ క్షారమూ కాకుండా, ఉండే క్లీనర్. మందంగా గట్టిపడిన పొరనైతే, తడిపి, ప్లాస్టిక్ పలకతో ఓపిగ్గా గీకాలి. ఒకసారి తినేసిన మెరుపు ఏ క్లీనర్‌తోనూ తిరిగి రాదు, రాయిని మళ్లీ అరగదీసి పాలిష్ పట్టించాల్సిందే.

సీసా వెనుక, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో, ‘సహజ రాళ్లపై ముందుగా పరీక్షించండి’ అని ఉంది. గ్రానైట్, మార్బుల్ రెండూ సహజ రాళ్లే. గ్రానైట్ చాలా ఆమ్లాలను తట్టుకుంటుంది, మార్బుల్ నిమ్మరసానికే మసకబారుతుంది. రెండింటినీ ఒకే గాటన కట్టిన ఆ హెచ్చరిక ఎవరికి ఉపయోగం? పైగా ముందువైపు మీరు అచ్చువేసిన బొమ్మ బూడిదరంగు చారలున్న తెల్లని మార్బుల్ గోడది! ఇందులో ఏ ఆమ్లం ఉందో మాత్రం సీసా మీద ఎక్కడా లేదు.

క్లీనర్ ధరతో పాటు, దెబ్బతిన్న టైల్స్‌కు పాలిష్ పట్టించి గ్రౌట్ మళ్లీ నింపించే ఖర్చు మీరే భరించాలి. ఆ బొమ్మ తీసేసి, ‘మార్బుల్, సున్నపురాయి, ట్రావర్టిన్‌పై వాడరాదు’ అని ముందువైపే పెద్ద అక్షరాల్లో వేయాలి. ఆమ్లం పేరు కూడా రాయాలి. సీసా మారిస్తే చాలు, నా డబ్బు ఆలస్యమైనా ఫరవాలేదు అనేంత పెద్ద మనసు నాకు లేదు, రెండూ కావాలి.

బిల్లు, ఫోటోలు, బ్యాచ్ నంబరు కనిపించే లేబుల్ చిత్రం జతచేస్తున్నాను. మిగిలిన క్లీనర్ సీసాలోనే భద్రంగా ఉంది, మీ మనిషి వచ్చి పరీక్షించుకోవచ్చు. జవాబు రాతపూర్వకంగా పంపండి. ఫోను చేసి మళ్లీ నీళ్లు పోయమని మాత్రం చెప్పించకండి.

ఇట్లు,
మీ క్లీనర్ కొన్న వినియోగదారు