శనివారం డేటాబేస్ మార్పు: లెక్కించే కాలమ్‌ల విషయం

అందరికీ నమస్తే 🙏

శనివారం రాత్రి 10 గంటలకు మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి రెప్లికేషన్ (డేటాని ఎప్పటికప్పుడు కాపీ చేయడం) మొదలుపెడుతున్నాం. అంతకు ముందే తేల్చుకోవాల్సింది జనరేటెడ్ కాలమ్‌ల సంగతి, అంటే ఫార్ములా ఇస్తే డేటాబేసే విలువ లెక్కించి పెట్టే కాలమ్‌లు.

పోస్ట్‌గ్రెస్ వైపు కూడా కాలమ్‌ని జనరేటెడ్‌గానే పెట్టి, ఇటు నుంచి విలువ పంపితే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది. అక్కడితో కాపీ ఆగిపోతుంది. కాబట్టి ఒక్కో కాలమ్‌కి ఏదో ఒక దారి ఎంచుకోండి: అటువైపు మామూలు కాలమ్‌గా పెట్టి విలువ పంపడం, లేదా కాపీ జాబితాలోంచి తీసేసి అక్కడే లెక్కించుకోనివ్వడం.

నా ఓటు మొదటిదానికే. ఎందుకంటే ఫార్ములా ఒకటే అయినా జవాబు మారొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో 5/2 అంటే 2.5, పోస్ట్‌గ్రెస్‌లో రెండూ పూర్ణాంకాలైతే 2. ఎర్రర్ ఏమీ రాదు, రిపోర్టులో అంకె మాత్రం తప్పు. అసలు టెన్షన్ ఇదే! పైగా పదాలను కలిపే కాంకాట్ (CONCAT) ఫంక్షన్‌ని పోస్ట్‌గ్రెస్ జనరేటెడ్ కాలమ్‌లో రాయనివ్వదు, రెండు నిలువు గీతల (||) ఆపరేటర్ వాడాలి.

ఒక్క చిక్కుంది. మామూలు కాలమ్‌లో విలువ తనంతట తాను మారదు. అప్లికేషన్ పోస్ట్‌గ్రెస్‌లో రాయడం మొదలుపెట్టే రోజుకి దాన్ని జనరేటెడ్‌గా మార్చాలి.

మీరు చేయాల్సింది: మీ టేబుళ్లలోని జనరేటెడ్ కాలమ్‌లు, వాటి ఫార్ములాలు గురువారం సాయంత్రంలోగా షీట్‌లో రాయండి. భాగహారం ఉన్నవాటి పక్కన గుర్తు పెట్టండి. ఏమీ లేకపోతే "లేవు" అని రాయండి, ఖాళీగా వదలొద్దు ప్లీజ్.

శుక్రవారం మధ్యాహ్నం నుంచి టేబుళ్ల నిర్మాణం ఎవరూ మార్చకండి. చిన్న మార్పే కదా అని కూడా వద్దు 🙂