వార్షిక నివేదిక: పాత ప్లీడరు గది, ఇతర విషయాలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్ళీ చెప్పను. ఏడాది పొడుగునా నెలవారీ సమావేశాలు జరిగాయి. రెండుసార్లు కోరం చాలక వాయిదా పడ్డాయి. వృద్ధ సభ్యుల ఇళ్ళకు వెళ్ళి పాత కాగితాలు ఫొటోలు తీసే పని సగంలో ఉంది.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది జనవరిలో మన హాల్లో మూడు రోజులు పెట్టిన ‘పాత ప్లీడరు గది’ ప్రదర్శన. 1900 నుంచి 1930 దాకా మన విశాఖపట్నం వన్ టౌన్‌లో ప్లీడరు బతుకెలా ఉండేదో చూపించాలన్నది ఆలోచన. వాలు బల్ల, సిరాబుడ్డి, ఎర్రగుడ్డలో కట్టిన కేసు కట్టలు, వీధి అరుగు మీద కక్షిదార్ల కోసం చాప, అన్నీ సభ్యుల అటకల మీంచి దించినవే.

అందరూ గుమిగూడింది మాత్రం ఒక వంద రూపాయల ప్రోనోటు దగ్గర. దాని వెనక వంకర అక్షరాలతో పది రూపాయలు కట్టినట్టు చెల్లు రాసి ఉంది, మూడేళ్ళు నిండడానికి ఇంకా నాలుగు రోజులు ఉందనగా! 1908 కాలపరిమితి చట్టం ప్రకారం మూడేళ్ళు దాటితే నోటుకు కాలదోషం, అంటే దాని మీద దావా నిలవదు. ఆ లోపు బాకీదారు తన చేత్తో చెల్లు వేస్తే మళ్ళీ మూడేళ్ళు. ‘ఆ పది రూపాయలూ రాబట్టడానికి ప్లీడరు గుమాస్తా ఎన్నిసార్లు తిరిగాడో’ అన్నారు కోర్టులో పనిచేసి రిటైరైన మన పెద్దాయన. దావా వేస్తే వందకు ఏడున్నర రూపాయలు కోర్టు ఫీజు ముందే కట్టాల్సి వచ్చేది, అది 1870 చట్టం నాటి రేటు. అందుకే చెల్లు వేయించుకోవడమే లాభం.

మూడు రోజులూ నిలబడి వివరించింది ఆయనే. సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు కింది స్థాయి సివిల్ కోర్టయిన మున్సిఫ్ కోర్టు గుమ్మమే హద్దు. లా డిగ్రీ బి.ఎల్. చదవాలంటే మద్రాసు వెళ్ళాలి, హైకోర్టు అప్పీలుకైనా మద్రాసే. జమీందార్ల జిల్లా కావడంతో పట్టా (జమీందారు రైతుకిచ్చే కాగితం), ముచ్చిలికల (రైతు తిరిగి రాసిచ్చే ఒప్పందం) తగాదాలకు కొదవ లేదు. 1908 ఎస్టేట్ల భూమి చట్టం వచ్చాక శిస్తు దావాలు రెవెన్యూ కోర్టులకు పోయాయి. డిప్యూటీ కలెక్టరు క్యాంపు ఎక్కడుంటే ప్లీడరూ కట్టలు బండికెత్తించుకుని అక్కడికే. ఏజెన్సీ సంగతి వేరు. 1839 చట్టంతో అక్కడ మామూలు కోర్టుల అధికారం చెల్లలేదు, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టరే న్యాయం చెప్పేవారు. పిల్లలు దీన్ని నమ్మలేకపోయారు, ‘మరి కలెక్టరు మీదే కేసయితే?’ అని ఒక అమ్మాయి అడిగింది. పెద్దాయన నవ్వి ఊరుకున్నారు.

సహాయ నిరాకరణ రోజుల్లో కోర్టులు బహిష్కరించమని కాంగ్రెస్ పిలుపిచ్చింది. టంగుటూరి ప్రకాశం గారు ప్రాక్టీసు వదిలేశారని అందరికీ తెలుసు. మన ఊళ్ళో వకీలుగా ఉండి ఉద్యమంలోకి వెళ్ళిన తెన్నేటి విశ్వనాథం గారి ఫొటో కూడా పెట్టాం. కానీ చిన్న ప్లీడరు కోర్టు మానేస్తే ఇంట్లో బియ్యం ఎవరు తెస్తారు? ఆ మాట ఫొటోల కింద ఎవరూ రాయరు. ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ గురించి ప్రదర్శనలో ఒక్క కాగితం కూడా లేదు, అది మన లోపమే.

బల్ల ఇచ్చిన కుటుంబానికి, మైకు సెట్టు ఉచితంగా ఇచ్చిన సభ్యుడికి, టీలు పోసిన మహిళా విభాగానికి, రాత్రి కాపలా ఉన్న వాచ్‌మన్‌కు కృతజ్ఞతలు. పన్నెండు మంది వాలంటీర్లు పేర్లిచ్చారు, వచ్చింది ముగ్గురు. మిగతావారు ఫొటోలు దిగే వేళకు వచ్చారు, వారికీ కృతజ్ఞతలు! పాత రికార్డులు చూడడానికి అనుమతి కోసం ఒక కార్యాలయం చుట్టూ ఐదుసార్లు తిరిగాను. ‘సారు క్యాంపులో ఉన్నారు’ అన్న జవాబు మాత్రం వందేళ్ళుగా మారినట్టు లేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, కోశాధికారి గారు చదువుతారు. కొద్దిగా లోటు ఉంది, చందా బకాయిలు వస్తే పూడుతుంది.

ప్రదర్శనలో పెట్టిన నల్ల చెక్కపెట్టె తాళంచెవి కనిపించడం లేదు. ఎవరి జేబులో ఉన్నా ఈ రోజు భోజనాల లోపు నాకు ఇవ్వగలరు. పెట్టె యజమాని గారు రెండో వరసలోనే కూర్చున్నారు.

ఇట్లు,
కార్యదర్శి