జెండా దగ్గరే ఆగిపోతున్న సింగారవేలు

సంపాదకులకు,

మే డే వ్యాసాల్లో మద్రాసు కమ్యూనిస్టు, కార్మిక నాయకుడు సింగారవేలు చెట్టియార్ కథ 1923లో మద్రాసులో ఎర్రజెండా ఎగరేయడంతో ముగిసిపోతోంది. ఆ మే 1న హైకోర్టు ఎదుటి బీచిలో ఒకటి, ట్రిప్లికేన్ బీచిలో ఇంకొకటి సభలు పెట్టి, లేబర్ కిసాన్ పార్టీని ప్రకటించిన మాట నిజం. కానీ మద్రాస్ లేబర్ యూనియన్‌ను కూడా కొందరు ఆయన ఖాతాలోనే వేసేస్తున్నారు. పెరంబూరు బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లుల కార్మికులతో 1918 ఏప్రిల్‌లో ఏర్పడిన ఆ సంఘానికి పునాది వేసింది సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు. తొలి అధ్యక్షుడు బి.పి. వాడియా. మిల్లు యాజమాన్యం 1920లో వాడియా మీద హైకోర్టు నుంచి ఇంజంక్షన్ (నిరోధక ఉత్తర్వు) తెచ్చుకుంది. సంఘాలకు అలాంటి దావాల నుంచి రక్షణ 1926 ట్రేడ్ యూనియన్ల చట్టంతో గానీ రాలేదు.

అసలు రాయాల్సింది 1928 జూలై నాటి సౌత్ ఇండియన్ రైల్వే సమ్మె గురించి. నాగపట్నం, పోదనూరు వర్క్‌షాపుల పనిని తిరుచ్చి పక్కన పొన్మలైకి తరలిస్తూ, కంపెనీ మూడు వేల మందికి పైగా కోత పెట్టబోయింది. ఎవరుండాలో తేల్చడానికి పనితనం పరీక్ష అంది. మెలిక అక్కడే ఉంది. పరీక్ష పెట్టేదీ మార్కులేసేదీ యాజమాన్యమే అయితే, ముందు తప్పేది సంఘంలో తిరిగేవాడే కదా! నాయకులను వరసగా అరెస్టు చేయడంతో ఆ నెల దాటకముందే సమ్మె కుప్పకూలింది. సమ్మె నడిపించిన వాళ్లలో 68 ఏళ్ల సింగారవేలుకు, ముకుందలాల్ సర్కార్‌కు పదేళ్ల చొప్పున శిక్ష వేశారు. అప్పీలులో తగ్గింది కాబట్టి సింగారవేలు 1930లో బయటికొచ్చారు.

ఇదంతా పాత ముచ్చట కాదు. 1926 చట్టం స్థానంలోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా నోటీసిచ్చాక 14 రోజులు ఆగకుండా సమ్మెకు దిగితే అది చట్టవిరుద్ధం. రాజీ చర్చలు నడుస్తున్నన్నాళ్లూ, ముగిశాక ఇంకో 7 రోజులూ దిగకూడదు. సగం మంది కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. ఒకటికి మించి సంఘాలున్నచోట 51 శాతం బలముంటేనే యాజమాన్యంతో ఒంటరిగా బేరమాడే హక్కు.

వచ్చే మే డే సంచికలో జెండా ఫొటో పక్కన ఈ నిబంధనలకూ కాస్త చోటిస్తే, నోటీసు రాయబోయే యూనియన్ కార్యదర్శులకు పనికొస్తుంది.

— ఒక పాఠకుడు, విజయవాడ