మూడో నంబర్ రూం ఎందుకు ఖాళీ చేయించానంటే

మహారాష్ట్రలోని మన బల్లార్షా రూంలలో ఉంటున్న అన్నలకు, తమ్ముళ్లకు,

మూడో నంబర్‌లో అందరికంటే పాత అన్నను నేను పంపించేశానన్న మాట ఈపాటికి కాగజ్‌నగర్ దాకా పోయింది. కిరాయి పెంచుకోవడానికే వెళ్లగొట్టానని కొందరు అంటున్నారట. జరిగింది నా నోటితోనే వినండి.

ఆ రూం ఇచ్చింది ఇద్దరికి. ఠాణాలో ఇచ్చిన లిస్టులోనూ రెండే పేర్లు. ఫ్యాన్ రిపేరుకని పోతే మంచాల కింద బొగ్గు మసి పట్టిన బూట్లు ఐదు జతలు, ఒక్కోటి ఒక్కో సైజు. పగటి డ్యూటీ వాళ్లు లేవగానే రాత్రి డ్యూటీ వాళ్లు అదే పరుపు మీద పడుకుంటున్నారు. పైసలు ఆ అన్న వసూలు చేసుకుంటున్నాడు. రేపు వాళ్లలో ఒకడి మీద కేసు పడితే పోలీసులు కొట్టేది మా ఇంటి తలుపే.

అడిగితే "రూం మొత్తం నాకిచ్చావు, ఎంతమందిని పెట్టుకుంటే నీకేం" అన్నాడు. నా టెన్షన్ అక్కడ మొదలైంది. మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లోని 55వ సెక్షన్ ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ అగ్రిమెంట్, అంటే గడువు పెట్టి ఉండనిచ్చే కిరాయి ఒప్పందం, రాసుకోవాలి, రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత ఓనర్‌దే. లేకుంటే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతకంటే పెద్ద చిక్కు ఏమిటంటే, రిజిస్టర్ కాని చోట షరతుల విషయంలో కిరాయికున్నవాడు చెప్పిందే నిలబడుతుంది, కాదని మనం రుజువు చేసేదాకా. 11 నెలలకు రాసుకుని రిజిస్ట్రేషన్ తప్పించుకునే లెక్క ఇక్కడ నడవదు.

ఆ రిజిస్ట్రేషన్ పనికి ఏజెంట్‌కు ఫీజుతో సహా ముందే కట్టాను. రిజిస్టర్ అయినట్టు ఇచ్చే ఇండెక్స్-2 కాపీ ఏదంటే రేపు, మాపు అని తిప్పాడు. చివరికి చేతిలో పెట్టింది నోటరీ ముద్ర కొట్టిన స్టాంపు కాగితం! పైగా "అదీ ఇదీ ఒకటే సేఠ్" అన్నాడు. తెలుగోడు, మరాఠీ కాగితం ఏం చదువుతాడులే అనుకున్నాడేమో. నేను పదో తరగతి దాకా ఇక్కడి మరాఠీ బడిలోనే చదివాను. పైసలు పోతే పోయాయి, ఆ మాట మాత్రం ఇంకా గుచ్చుతోంది.

పాత అన్న విషయంలో నాకు నిద్ర పట్టలేదు. కరోనాలో కూడా కిరాయి ఆపని మనిషి. మా నాన్న పాడె మోసినవాడు. ఆయనను ఉంచి మిగతావాళ్లను పంపిద్దామని మా ఆవిడ అంది, సరే అన్నాను. ఆయనా తలూపాడు. ఆ వారమే ఇంకొకణ్ని తెచ్చి పడుకోబెట్టాడు. నా మనసు విరిగిపోయింది. డిపాజిట్‌లో పైసా కోయకుండా ఇచ్చి పంపాను. పేచీ పెట్టకుండా వెళ్లాడు, అది ఆయన మంచితనం. మీలో కొందరు సిఫారసుకు వచ్చారు. ఎన్నిసార్లు వచ్చినా మళ్లీ తీసుకోను.

ఇకపై రూంకు ఒక అగ్రిమెంట్, అందులో ఉండేవాళ్లందరి పేర్లు. మనిషికొకటి చేయిస్తే ఒక్కొక్కరికీ వేరుగా రిజిస్ట్రేషన్ ఫీజు పడుతుంది. ఖర్చు నాదే, కిరాయి పెరగదు. జీఎస్టీ వేస్తానని ఎవరో అన్నారట. మనిషికి నెలకు 20,000 మించకుండా, వరుసగా 90 రోజులు ఉంటే అది లేదు. మన కిరాయి ఎక్కడ, ఆ 20,000 ఎక్కడ! గడువు అయ్యాక ఖాళీ చేయకపోతే మాత్రం అదే అద్దె చట్టంలోని 24వ సెక్షన్ కింద కిరాయి రెట్టింపు కట్టాల్సి వస్తుంది, తర్వాత చెప్పలేదనొద్దు.

చుట్టాలొస్తే ఒకటి రెండు రాత్రులు ఉండనివ్వండి, నాకొక మాట చెప్పండి. కొత్త ఏజెంట్ వేలిముద్రల మెషీన్ తీసుకుని ఆదివారం పొద్దున ఇంటికే వస్తున్నాడు. ఆధార్ కార్డు మర్చిపోకండి. ఈసారి ఇండెక్స్-2 చేతికి వచ్చాకే అతనికి పైసలు.