ఆర్క్ సూటు సరే, రిలేలో టైమ్ ఎంత?

సంపాదకులకు,

గాజువాక ఆటోనగర్, పరవాడ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీల్లో కరెంటు ప్యానెళ్లు చూసిపెట్టడం రిటైరయ్యాక నా వ్యాపకం. చాలాచోట్ల మేనేజర్లు ముందుగా బీరువా తెరిచి 40 క్యాలరీల ఆర్క్ సూటు (చదరపు సెంటీమీటరుకు అంత వేడి దాకా ఒళ్లు కాలకుండా కాపాడేది) చూపిస్తారు, మడత కూడా విప్పనిది. మెయిన్ బ్రేకర్ రిలేలో (లోపం పసిగట్టి కరెంటు ఆపమని బ్రేకర్‌కి చెప్పే పరికరం) టైమ్ ఎంత పెట్టారని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు.

415 వోల్టుల ప్యానెల్లో బస్‌బార్ల (కరెంటు మోసే రాగి పట్టీలు) మధ్య ఆర్క్, అంటే గాల్లోంచి దూకే కరెంటు మెరుపు, లేస్తే వేడి దాదాపు 20,000 డిగ్రీల దాకా పోతుంది. రాగి ఆవిరై పేలుతుంది. దేన్నీ ముట్టుకోనక్కర్లేదు, ఎదురుగా నిలబడితే చాలు ఒళ్లు కాలడానికి. ఎంత కాలుతుందన్నది చాలావరకు బ్రేకర్ ఎంతసేపటికి ట్రిప్ అయి సప్లై ఆపిందన్న దాన్నిబట్టే. లోపమున్న కింది లైను (ఫీడరు) బ్రేకరే ముందు ట్రిప్ కావాలని మెయిన్‌కి కావాలనే ఆలస్యం పెడతారు. ఆర్క్ ఆరిపోయే సమయం 0.4 సెకను నుంచి 0.1కి తగ్గితే మనిషి మీద పడే వేడి సుమారు నాలుగో వంతే. అందుకే ప్యానెల్ దగ్గర పని జరిగినంతసేపూ ఆ ఆలస్యాన్ని తీసేసే మెయింటెనెన్స్ స్విచ్ ఒకటి ఉండాలి. ఇప్పటి రిలేలు చాలావాటిలో ఆ వీలుంది, వైరింగ్ చేయించుకునేవారే తక్కువ. వెలుగును పసిగట్టే ఆర్క్ రిలే అయితే కొన్ని మిల్లీసెకన్లలోనే ట్రిప్ ఆదేశం ఇస్తుంది.

బ్రేకర్ని ప్యానెల్ లోపలికి తోసేటప్పుడు, బయటికి లాగేటప్పుడు (దీన్నే ర్యాకింగ్ అంటారు) ప్రమాదం ఎక్కువ. ఆ హ్యాండిల్ తిప్పేది తరచూ కొత్తగా చేరిన కాంట్రాక్టు కుర్రాడే. ఒంటి మీద కంపెనీ ఇచ్చిన పాలిస్టర్ యూనిఫాం; మంటకి అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. రిమోట్ ర్యాకింగ్ మోటారు పెడితే వాడు దూరంగా నిలబడే పని కానిచ్చేస్తాడు. అసలు సప్లై ఆపి, ఎర్త్ చేసి పని చేయించడం అన్నిటికన్నా మేలు. కానీ ప్రొడక్షన్ ఆగుతుందంటారు. ప్యానెల్ పేలితే ఎన్నాళ్లు ఆగుతుందో లెక్కేయరు.

మనకి పైగా సముద్రపు గాలి. ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుని, తేమ తగలగానే కరెంటు పాకుతుంది. కేబుల్ కన్నాలు మూయకపోతే బల్లులూ ఎలుకలూ సరేసరి.

ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరేట్, కర్మాగారాల శాఖ అధికారులకు నా మనవి: ఎర్త్ పిట్ రీడింగులు, రబ్బరు మ్యాట్లు చూసి ఊరుకోకుండా రిలే సెట్టింగుల కాగితం కూడా అడగండి. దాని మీద తేదీ చూడండి. ఆ తర్వాత ట్రాన్స్‌ఫార్మర్ మార్చి ఉంటే ఆ సెట్టింగుల లెక్క మళ్లీ వేయించండి.

- ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్, గాజువాక, విశాఖపట్నం