నైట్ రేటు పెరిగిందని స్టోరేజ్ హీటర్లు పీకేయకండి, ముందు లెక్క చూద్దాం

ఇంగ్లండ్‌లో రెడింగ్, స్లౌ చుట్టుపక్కల ఫ్లాట్లలో ఉంటూ కరెంటు, హీటర్ల పనులు మాతో చేయించుకునే కస్టమర్లందరికీ నమస్కారం.

చలి మొదలవుతుందంటే మా ఫోనుకు తీరిక ఉండదు. ఈసారి ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే: "అన్నా, నైట్ రేటు పెంచేశారు. ఈ స్టోరేజ్ హీటర్లు పీకేసి మామూలు ప్యానెల్ హీటర్లు పెట్టేయండి." ప్యానెల్ హీటరంటే స్విచ్ వేసినప్పుడే వేడినిచ్చేది. దాన్ని బిగించడం మాకు చాలా తేలిక. ఒక పూటలో అయిపోతుంది, డబ్బులు కూడా బాగానే వస్తాయి. అయినా ఈ చలికాలం నుంచి ఒక నియమం పెట్టుకున్నాం. మీ రాత్రి రీడింగు, పగటి రీడింగు చూడకుండా ఏ ఇంట్లోనూ స్టోరేజ్ హీటరు తీయం. కొంతమందికి ఇది నచ్చలేదు. అందుకే కారణం వివరంగా రాస్తున్నాను.

గ్యాస్ లైను లేని ఫ్లాట్లలో ఉండేది ఎక్కువగా స్టోరేజ్ హీటర్లే. లోపల బరువైన ఇటుకలుంటాయి. రాత్రి చవక కరెంటుతో వాటిని కాల్చి పెడితే, మర్నాడంతా ఆ వేడి మెల్లగా బయటికొస్తుంది. ఎండాకాలంలో మన డాబా రాత్రి పదింటికి కూడా కాళ్లు కాలుస్తుంది చూడండి, అలాగన్నమాట. దీనికోసమే 1978లో ఇక్కడ ఎకానమీ 7 అనే టారిఫ్ తెచ్చారు. రాత్రి 7 గంటలు తక్కువ ధర, మిగతా 17 గంటలు ఎక్కువ ధర. అణు విద్యుత్ కేంద్రాలను రాత్రిపూట తగ్గించడం కష్టం, అప్పుడు వాడేవాళ్లూ తక్కువ. మిగిలిన కరెంటును ఇళ్ల హీటర్లలోకి పంపారు.

ఇప్పుడు ఆ పరిస్థితి లేదు. హంటర్‌స్టన్ బి, హింక్లీ పాయింట్ బి అనే రెండు అణు కేంద్రాలూ 2022లోనే మూతపడ్డాయి. గాలి తక్కువై గాలిమరల కరెంటు తగ్గే రాత్రుల్లో గ్యాస్ ప్లాంట్లే నడవాలి, అప్పుడు కరెంటు ధరను నిర్ణయించేది గ్యాసే. పైగా రాత్రుళ్లు కార్లు చార్జింగ్ పెట్టేవాళ్లు పెరిగారు. దీనికితోడు చాలామందికి తెలియని విషయం ఒకటుంది. కరెంటు, గ్యాస్ కంపెనీలను నియంత్రించే ఆఫ్‌జెమ్ ధరకు పరిమితి పెడుతుంది కదా, అది ఎకానమీ 7 వాళ్లకు పగలు ఇంత, రాత్రి ఇంత అని విడివిడిగా చెప్పదు. సుమారు 42 శాతం కరెంటు రాత్రి వాడతారనే అంచనాతో మొత్తం మీద పరిమితి పెడుతుంది. అందులో పగటికెంత, రాత్రికెంత అన్నది కంపెనీ ఇష్టం. ఒక కంపెనీ నైట్ రేటు పెంచి డే రేటు తగ్గించినా అది పరిమితి లోపలే ఉంటుంది. హీటర్ల మీద బతికే ఇంటికి మాత్రం బిల్లు పెరుగుతుంది. "ధరల పరిమితి తగ్గింది" అని వార్తల్లో విని, బిల్లు చూసి కంగారుపడేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే. ఇది న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. మొత్తం వేడి కరెంటు మీదే తెచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది అద్దె ఇళ్లవాళ్లు, చిన్న ఫ్లాట్ల వాళ్లు. కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కు సుమారు నాలుగు రెట్లున్న దేశంలో వాళ్లకున్న ఒకే ఒక్క ఊరట ఆ నైట్ రేటు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో కొత్తగా వచ్చినవాళ్లకు ఇదంతా తికమకగా ఉంటుంది. మన దగ్గర స్లాబులు. ఎన్ని యూనిట్లు కాల్చామన్నదాన్ని బట్టి ధర. ఎకానమీ 7లో ఏ టైములో కాల్చారన్నదే లెక్క.

ఇక అసలు లెక్క. డే రేటు 31 పెన్స్, నైట్ రేటు 15 పెన్స్ అనుకుందాం. రెండు రేట్లు లేని మామూలు టారిఫ్ 26 పెన్స్. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే, మీ బిల్లులో ఉన్నవి వేసి చూసుకోండి. ఈ ధరల్లో మీ వాడకంలో 31 శాతానికి పైగా రాత్రి ఉంటే ఎకానమీ 7 లాభం. నైట్ రేటు 19 అయిందనుకోండి, ఆ లాభనష్టాల గీత 42 శాతానికి పోతుంది. అంటే నిన్నటిదాకా లాభంలో ఉన్న ఇల్లు, అలవాట్లేమీ మార్చుకోకపోయినా ఇవాళ నష్టంలో పడొచ్చు. రాత్రికి 25 యూనిట్లు లాగే రెండు బెడ్‌రూముల ఫ్లాట్‌లో ఆ 4 పెన్స్ తేడా రోజుకు ఒక పౌండు, నెలకు 30 పౌండ్లు. మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది.

కానీ హీటరు మార్చినంత మాత్రాన వేడి చవకైపోదు. స్టోరేజ్ హీటరైనా, ప్యానెల్ హీటరైనా, ప్లగ్గులో పెట్టే ఫ్యాన్ హీటరైనా ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తాయి. "జర్మన్ టెక్నాలజీ, సగం బిల్లు" అని అమ్మేవాళ్ల మాట నమ్మకండి. 1.7 కిలోవాట్ల స్టోరేజ్ హీటరు 7 గంటలు పూర్తిగా చార్జ్ అయితే దాదాపు 12 యూనిట్లు. 15 పెన్స్‌కు 1 పౌండు 79 పెన్స్, 19కి 2 పౌండ్ల 26. అదే వేడిని ప్యానెల్ హీటరుతో పగటి రేటుకు తెచ్చుకుంటే 3 పౌండ్ల 69, మామూలు టారిఫ్‌కు మారినా 3 పౌండ్ల 9. రేటు పెరిగాక కూడా స్టోరేజ్ హీటరే చవక. చంటిపిల్లలు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఉండే ఇళ్లకు ఇదే వర్తిస్తుంది.

ఇద్దరూ పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ఇల్లయితే లెక్క వేరు. రాత్రి నింపిన వేడిలో చాలా భాగం మనిషి లేని గదిలోకే పోతుంది. మీకు కావలసింది సాయంత్రం 5 యూనిట్లే అయితే, మామూలు టారిఫ్‌లో 1 పౌండు 30తో సరిపోతుంది. అలాంటివాళ్లు మారడమే మంచిదని నేనే చెబుతాను. అందుకే రీడింగులు అడుగుతున్నది.

చాలా ఇళ్లలో అసలు ఇబ్బంది రేటుతో కాదు, నాబ్‌లతో. హీటరు పైనున్న చిన్న మూత ఎత్తితే రెండు నాబ్‌లుంటాయి. పాత ఫ్లాట్లలో వాటి మీద అక్షరాలు చెరిగిపోయి, ఏది ఏదో తెలియదు. ఇన్‌పుట్ అంటే రాత్రి ఎంత నింపాలన్నది. అవుట్‌పుట్, కొన్నిటి మీద బూస్ట్ అని ఉంటుంది, లోపలి రేకును తెరిచి వేడిని త్వరగా వదలడానికి. పడుకునేటప్పుడు అవుట్‌పుట్‌ను పూర్తిగా పెంచి (6 మీద) వదిలేస్తే నింపుతుండగానే వేడి బయటికి పోతుంది. సాయంత్రం ఆరింటికి ఇటుకలు చల్లారిపోయి ఉంటాయి. అప్పుడు ఫ్యాన్ హీటరు తీస్తారు. 2 కిలోవాట్లది 5 గంటలు తిరిగితే 10 యూనిట్లు, అదీ పగటి రేటుకు. అంటే 3 పౌండ్ల 10 పెన్స్. రాత్రి పెట్టిన ఖర్చు ఖర్చే, ఇది అదనం. పడుకునే ముందు అవుట్‌పుట్ పూర్తిగా తగ్గించండి, సాయంత్రం ఇంటికొచ్చాక పెంచండి. మర్నాడు వాతావరణం ఎలా ఉంటుందో చూసుకుని ఇన్‌పుట్ మార్చండి. దయచేసి వాటి మీద బట్టలు ఆరేయకండి. వేడి లోపలే చిక్కుకుని, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌట్ పడిపోతుంది, నిప్పు అంటుకునే ప్రమాదం కూడా ఉంది.

నీళ్లు కాచే సిలిండరు (ట్యాంకు) కూడా చూడండి. చాలావాటిలో రెండు ఎలిమెంట్లుంటాయి. కింది పెద్దది రాత్రి రేటు మీద నడవాలి, పైది అవసరానికి. పగలు పై ఎలిమెంట్‌ను నడిపే బూస్ట్ నొక్కి మరిచిపోయే ఇళ్లలో రాత్రి శాతం పడిపోవడానికి అదే పెద్ద కారణం.

మీటరు మార్చుకునేవాళ్లు ఒక్కమాట వినండి. స్టోరేజ్ హీటర్లకు చాలాచోట్ల విడి వైరింగ్ ఉంటుంది, రాత్రి మాత్రమే కరెంటు వచ్చేలా. ఒకే రేటు మీటరు పెట్టించుకునే ముందు ఆ సర్క్యూట్ సంగతి కంపెనీని అడగండి. లేకపోతే హీటర్లు అసలు వెలగకపోవచ్చు, లేదా పగలూ రాత్రీ వెలుగుతూనే ఉండొచ్చు. రేడియో సిగ్నల్‌తో మారే పాత ఆర్‌టీఎస్ మీటర్లున్నవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఆ సిగ్నల్‌ను దశలవారీగా ఆపడం 2025 జూన్ 30న మొదలుపెట్టారు. ఇంకా అదే మీటరుంటే ఈ వారమే ఫోన్ చేసి స్మార్ట్ మీటరు అడగండి.

అద్దెకున్నవాళ్లు గోడకు బిగించిన హీటరు తీయాలంటే ఓనరు అనుమతి తప్పనిసరి. రాతపూర్వకంగా చూపించకపోతే మేం ముట్టుకోం. కరెంటు కంపెనీని మార్చుకోవడం మాత్రం, బిల్లు మీ పేరున కడుతుంటే, మీ హక్కు. ఓనరే మీకు కరెంటు అమ్ముతుంటే తను కట్టిన ధరకన్నా ఎక్కువ తీసుకోకూడదు.

మా చార్జీల గురించి. ఇన్నాళ్లూ వచ్చి చూడ్డానికి డబ్బు తీసుకోలేదు. వ్యాను ఇన్సూరెన్సు, సామాన్ల ధరలు పెరిగాక ఇక కుదరడం లేదు. అక్టోబరు నుంచి తనిఖీకి 45 పౌండ్లు. హీటర్లు, సిలిండరు, టైమరు, మీటరు అన్నీ చూసి, ఉంచాలో తీయాలో కాగితం మీద రాసిస్తాం. తర్వాత పని మాతోనే చేయిస్తే ఆ 45 తగ్గిస్తాం. విద్యార్థులకు, పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటున్న ఇళ్లకు ఎప్పటిలాగే ఉచితం. వేడిని బాగా పట్టి ఉంచే కొత్త రకం స్టోరేజ్ హీటర్లు బిగింపుతో కలిపి ఒక్కోటి వెయ్యి పౌండ్లకు అటూఇటూ అవుతాయి. ఇల్లు సొంతమై, అందులో చాలాకాలం ఉంటారనుకుంటేనే అవి పెట్టించుకోండి. 1970ల నాటి కొన్ని పాతవాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, వాటిని మీరే విప్పే ప్రయత్నం చేయొద్దు.

ఫోన్ చేసే ముందు రాత్రి పడుకునేటప్పుడు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి మీటరు ఫొటో తీసి పెట్టుకోండి, రేట్ 1, రేట్ 2 అంకెలు రెండూ కనిపించేలా. రాత్రి పెరగాల్సిన అంకె కాకుండా రెండోది పెరిగుంటే మీటరు రీడింగులు తారుమారై ఉండొచ్చు. అలాగైతే మాకన్నా ముందు కంపెనీకి చెప్పాలి. గడియారాలు మారే అక్టోబరు చివరి ఆదివారం లోపు పిలిచినవాళ్ల ఇళ్లకు, చలి ముదరకముందే వచ్చి వెళ్తాం.